ఇంటికి పిలాటిస్ యంత్రం ఎంచుకోవడం ఎలా: క్యారేజ్ వెనక్కి వచ్చే తీరు చూడండి

పిలాటిస్ వ్యాయామానికి వాడే ముఖ్యమైన యంత్రం రిఫార్మర్, పట్టాల మీద జారే పరుపూ దాన్ని లాగే స్ప్రింగులూ ఉన్న మంచం లాంటిది. దాని మీద వెల్లకిలా పడుకుని, పాదాలు చివర ఉన్న అడ్డకమ్మీకి, అంటే ఫుట్‌బార్‌కి ఆనించి, మెల్లగా నెట్టండి. మీ కింద ఉన్న పరుపు, దాన్నే క్యారేజ్ అంటారు, పట్టాల మీద జారుతూ మిమ్మల్ని తీసుకుపోతుంది. అక్కడిదాకా ఏ యంత్రమైనా చేస్తుంది. ఇప్పుడు ఎనిమిది అంకెలు లెక్కపెట్టుకుంటూ మోకాళ్లు మడుస్తూ వెనక్కి రండి. మంచి యంత్రమైతే స్ప్రింగులు మిమ్మల్ని గుంజుకోవాలని చూస్తుంటాయి, మీ పొట్టా తొడలూ వాటిని ఆపుతూ ఉంటాయి, క్యారేజ్ చివరి అంగుళం వరకూ ఒకే వేగంతో వచ్చి చప్పుడు లేకుండా ఆనుకుంటుంది. నాసిరకందైతే ఒకచోట పట్టేస్తుంది, ఇంకోచోట జారిపోతుంది, ఆఖర్న ఠక్కుమని కొట్టుకుంటుంది.

పిలాటిస్‌లో సగం పని ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. అందుకే యంత్రం ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది అదే. రంగు, మడత, ఉచితంగా ఇచ్చే సామాను అన్నీ దాని తర్వాతే.

ఈ సంగతి నాకు మొదటి యంత్రం కొన్నాక గానీ తెలియలేదు. బొమ్మలు చూసి, దాంతోపాటు వచ్చే సామాను జాబితా చూసి తెప్పించుకున్నాను. స్ప్రింగుల బదులు దానికి రబ్బరు తాళ్లున్నాయి. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత తాళ్లు ఒక పక్క కాస్త వదులయ్యాయి, క్యారేజ్ ఓరగా రావడం మొదలైంది, దాన్ని సర్దుకోవడానికి నాకు తెలియకుండానే నా కుడి తుంటి ఎత్తి పెట్టడం అలవాటైంది. ఆ అలవాటు మానడానికి యంత్రం వాడినన్ని రోజులూ పట్టింది. మీకు ఆ బాధ ఉండకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

1. ముందు మీకు యంత్రం కావాలో లేదో తేల్చుకోండి

ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో నిర్బంధ శిబిరంలో ఉన్నాడు, 1926లో న్యూయార్క్ చేరి అక్కడ స్టూడియో పెట్టాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే ఒంటిని అదుపులో పెట్టుకునే విద్య. ఆయన రాసిపెట్టిన చాప మీది వ్యాయామాలు 34. వాటికి ఒక మందపాటి చాప తప్ప ఏమీ అక్కర్లేదు. ఆ ముప్పై నాలుగులో పది శుభ్రంగా చేయగలిగితే రిఫార్మర్ ఎక్కినప్పుడు మీకు సగం పని తెలిసినట్టే.

కాబట్టి ఇంకా ఒక్కసారి కూడా రిఫార్మర్ ఎక్కకపోతే, కొనే ఆలోచన కొంచెం పక్కన పెట్టి ఎవరైనా శిక్షకుల దగ్గర పది పదిహేను తరగతులు చేయండి. రకరకాల యంత్రాలున్న చోటైతే ఇంకా మంచిది. భుజాలు చెవుల వైపు పాకుతున్నాయా, పక్కటెముకలు ఎగదన్నుకుంటున్నాయా అన్నది మీకు మీరు చూసుకోలేరు, ఒకరు చెయ్యి వేసి చెప్పాలి. ఆ తరగతుల్లో ఇంకో లాభం కూడా ఉంది: మీకు ఏ స్ప్రింగు ఎంత బరువుగా అనిపిస్తుందో, ఏ వ్యాయామాలు మనసుకు నచ్చుతాయో తెలుస్తుంది. కొనేటప్పుడు ఆ తెలివిడే పనికొస్తుంది.

ఎముకలు గుల్లబారిన వాళ్లు, వెన్ను డిస్కు జారిన వాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయిన వాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడండి. పిలాటిస్‌లో ముందుకు వంగి వెన్నును చుట్టే కదలికలు చాలా ఉన్నాయి, ఎముకలు బలహీనమైన వాళ్లకు అవి ప్రమాదం. వాళ్లు చేయదగినవీ బోలెడున్నాయి గానీ, ఏవి చేయాలో ఏవి మానాలో తెలిసిన మనిషి ఎదురుగా ఉండి చెప్పాలి.

2. టేపు తీసుకోండి: ముందు ఒళ్లు, తర్వాత గది

చాలామంది గది కొలిచి ఊరుకుంటారు. ఒళ్లు కొలవరు. నేల మీద వెల్లకిలా పడుకుని, పాదం నిటారుగా పెట్టి, భుజం పైఅంచు నుంచి మడమ దాకా ఎంత ఉందో ఇంట్లో ఎవరినైనా కొలవమనండి. ఇప్పుడు యంత్రం వివరాల్లో క్యారేజ్ ఎంత దూరం జరుగుతుందో చూడండి. దానికి, క్యారేజ్ మొదటి స్థానంలో ఉన్నప్పుడు భుజాలు ఆనే దిమ్మెల నుంచి, అంటే షోల్డర్ బ్లాకుల నుంచి ఫుట్‌బార్ దాకా ఉన్న దూరం కలపండి. ఆ మొత్తం మీ కొలత కన్నా ఎక్కువ ఉండాలి, సరిగ్గా సమానంగా కాదు. కాళ్లు పూర్తిగా చాచకముందే క్యారేజ్ పట్టాల చివర తగిలితే, అది మీ యంత్రం కాదు. పొడుగు మనుషులు పొట్టి మడత యంత్రాలు కొని బాధపడేది ఇక్కడే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేట్టయితే అందరిలో పొడుగైన వాళ్లను కొలవండి.

బరువు పరిమితి కూడా ఇప్పుడే చూడండి. మీ బరువు ఆ పరిమితికి అంచుల్లో ఉంటే దాన్ని వదిలేసి, మీకన్నా బాగా ఎక్కువ మోసేది చూసుకోండి. నిలబడి చేసేటప్పుడు, గెంతేటప్పుడు యంత్రం మీద పడే బలం మీ బరువును మించిపోతుంది.

ఇక గది. పూర్తి పొడవు రిఫార్మర్ దాదాపు 230 నుంచి 250 సెంటీమీటర్లు ఉంటుంది, వెడల్పు 60 నుంచి 75 దాకా. అది యంత్రం పట్టే చోటు మాత్రమే, మీరు పట్టే చోటు వేరే. కాళ్లు యంత్రం తాళ్ల కొసలకుండే పట్టీల్లో పెట్టి పక్కలకు వృత్తాలు తిప్పుతారు, చేతులు బారచాస్తారు. రెండు పక్కలా కనీసం 60 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. క్యారేజ్ మీద పెట్టుకునే బాక్స్ అనే పీట మీద బోర్లా పడుకున్నప్పుడు తలా చేతులూ చివర దాటి వస్తాయి, అటు కూడా కొంత వదలాలి. ఏతావాతా 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ నేల ఉంటే ఇబ్బంది లేదు.

పైకప్పు మరిచిపోకండి. 170 సెంటీమీటర్ల మనిషి చేతులెత్తితే వేళ్ల కొసలు రమారమి 215 దగ్గర ఉంటాయి. క్యారేజ్ నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, దాని మీద నిలబడి చేతులెత్తినప్పుడు మీ వేళ్లు 255 దగ్గరకు చేరతాయి. పైన ఫ్యాన్ ఉందా? ఉంటే యంత్రాన్ని దాని కింద నుంచి జరపాలి, లేదా నిలబడి చేసేవి మానుకోవాలి.

నేల సమంగా ఉందో లేదో చూడటానికి ఒక గోళీ చాలు. యంత్రం పెట్టబోయే చోట గోళీ వదలండి. అది ఒకవైపు దొర్లిపోతుంటే క్యారేజ్ కూడా అటే మొగ్గుతుంది. కొన్ని యంత్రాల కాళ్లకు ఎత్తు సరిచేసే మరలుంటాయి. మీ నేల వాలుగా ఉంటే అలాంటివే చూడండి.

ఆఖరుగా, అది లోపలికి ఎలా వస్తుంది? మంచి యంత్రం 50, 70 కిలోలు తూగుతుంది, ఇంకా ఎక్కువ కూడా. దాని అట్టపెట్టె రెండు మీటర్లకు పైగా ఉంటుంది. మెట్ల మలుపు, లిఫ్టు లోపలి పొడవు, గది తలుపు వెడల్పు అన్నీ ఆర్డరు పెట్టకముందే కొలవండి.

3. ఏ రకం కావాలి

ముందు ఒక విషయం. పిలాటిస్ అనే మాట ఏ ఒక్కరి సొత్తూ కాదని అమెరికా ఫెడరల్ కోర్టు 2000లో తేల్చేసింది. యోగా, కరాటే లాంటి మాటల్లాగే అదీ అందరి మాట. దాంతో ఈ పద్ధతి లోకమంతా పాకింది, మంచిదే. కానీ కొనేవాళ్లకు దాని అర్థం ఏమిటంటే, ఎవరు ఏం తయారుచేసినా దాని మీద పిలాటిస్ అని అచ్చేసుకోవచ్చు. పేరు చూసి నమ్మకండి, స్ప్రింగులు చూసి నమ్మండి.

పూర్తి పొడవు రిఫార్మర్, చెక్కదైనా అల్యూమినియందైనా, స్థిరంగా ఒక చోటే ఉండేది: చోటుంటే ఇదే కొనండి. చెక్క చట్రం బరువు, కదలదు, చప్పుడు తక్కువ. అల్యూమినియం తేలిక, జరుపుకోవడం సులువు. వ్యాయామం చేసేటప్పుడు రెండింటికీ మధ్య తేడా జనం చెప్పుకునేంత ఉండదు.

మడత రిఫార్మర్: చోటు తక్కువున్న వాళ్లకు తప్పనిసరి. అయితే మడతపెట్టినంత మాత్రాన బరువు తగ్గదని గుర్తుంచుకోండి. రోజూ విప్పి, రోజూ మడిచి, గోడకు నిలబెట్టే ఓపిక నిజంగా ఉందా? మంచం కిందికి తోసేయొచ్చు అనుకుంటే మంచం కింద ఎత్తు కొలవండి. మడత దగ్గర పట్టాలు కలిసే అతుకు మీద వేలితో రాయండి, ఎత్తుపల్లాలు వేలికి తగిలితే చక్రాలకు కూడా తగులుతాయి. నిలువుగా నిలబెట్టి దాచేదైతే గోడకు కట్టే ఏర్పాటు ఉండాలి. అంత బరువు పిల్లల మీద పడే అవకాశం ఏ మాత్రం ఉండకూడదు.

రబ్బరు తాళ్లతో నడిచే చిన్న యంత్రాలు: ఇవి చవక, తేలిక. కాళ్లూ చేతులూ ఆడించడానికి పనికొస్తాయి. నాకు ఎదురైన అనుభవం వల్ల వీటిని మెచ్చుకోలేను గానీ, కొనక తప్పదనుకుంటే తాళ్లు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కుని, అరిగినా అరగకపోయినా జతగా ఒకేసారి మార్చండి. పాతదొకటి కొత్తదొకటి వేయకండి.

రిఫార్మర్ కాకుండా వుండా చెయిర్ అనేది ఒకటుంది, కుర్చీ అంత చోటులో సరిపోతుంది. చూడటానికి చిన్నదే గానీ కొత్తవాళ్లకు రిఫార్మర్ కన్నా కష్టం, ఎందుకంటే అందులో పడుకునే దన్ను ఉండదు. క్యాడిలాక్ అనేది మంచం మీద ఇనప పందిరి వేసినట్టు ఉంటుంది, అది ఇంటికన్నా స్టూడియోకే తగింది.

4. స్ప్రింగులు: ఇక్కడ తొందరపడొద్దు

స్ప్రింగును ఎంత సాగదీస్తే అది అంత బలంగా లాగుతుంది. ఇనప బరువు అలా కాదు, ఎక్కడ ఎత్తినా ఒకే బరువు. అందుకే రిఫార్మర్ మీద కాళ్లు చాచే కొద్దీ పని పెరుగుతుంది, వెనక్కి వచ్చే కొద్దీ తగ్గుతుంది, ఆ పెరగడం తగ్గడం అంతా కండరం పసిగడుతూ ఉంటుంది. రబ్బరు కూడా సాగే కొద్దీ లాగుతుంది గానీ, వేడికీ వయసుకీ దాని పట్టు మారిపోతూ ఉంటుంది. ఉక్కు స్ప్రింగు చాలాకాలం ఒకే మాట మీద ఉంటుంది.

ఎక్కువ యంత్రాలకు నాలుగో అయిదో స్ప్రింగులుంటాయి. పాత సంప్రదాయం యంత్రాల్లో అన్నీ దాదాపు ఒకే బలంతో ఉంటాయి, ఎన్ని తగిలించారన్నదే లెక్క. కొత్త తరహా వాటిలో ఒక్కో దానికి ఒక్కో బలం, ఒక్కో రంగు. ఆ రంగులకు అందరికీ ఒకే నియమం లేదు. బ్యాలెన్స్‌డ్ బాడీ అనే కంపెనీ యంత్రాల్లో పసుపు అన్నిటికన్నా తేలిక, తర్వాత నీలం, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ బాగా బరువు. స్టాట్ పిలాటిస్ యంత్రాల్లో ఎరుపు పూర్తి బలం, నీలం అందులో సగం, తెలుపు పావు. అంటే ఒక వీడియోలో శిక్షకురాలు ఎరుపొకటి నీలమొకటి అన్నప్పుడు ఆమె ఏ యంత్రం మీద ఉందో చూడాలి. మీ యంత్రం రంగుల్ని తేలిక, మధ్యస్థం, బరువు అని ఒక కాగితం మీద రాసుకుని ఫుట్‌బార్ పక్కన అతికించుకోండి.

కొత్తవాళ్లు తప్పకుండా పొరబడే విషయం ఇంకొకటుంది. ఎక్కువ స్ప్రింగులుంటే కష్టం, తక్కువుంటే సులువు అనుకుంటారు. పడుకుని కాళ్లతో నెట్టేటప్పుడు అది నిజం. అదే చేతులు ఫుట్‌బార్ మీదా కాళ్లు క్యారేజ్ మీదా పెట్టి ఒళ్లంతా పలకలా చాచి ప్లాంక్‌లో ఉన్నప్పుడు తిరగబడుతుంది. అప్పుడు స్ప్రింగులు మిమ్మల్ని మొదటి స్థానానికి తెచ్చే తోడు. వాటిని తగ్గిస్తే క్యారేజ్ కాళ్ల కింద నుంచి జారిపోతుంటుంది, దాన్ని ఆపే భారమంతా పొట్ట మీద పడుతుంది. కాబట్టి తేలిక స్ప్రింగు ఒక్కటైనా లేని యంత్రం కొనకండి. చేతుల పనికీ, పొట్ట పనికీ, గాయం నుంచి కోలుకునే రోజులకీ అదే ఆధారం. అమ్మేవాళ్లు మాత్రం బరువు స్ప్రింగులు ఎన్నున్నాయో చెప్పుకుంటారు.

స్ప్రింగును చేత్తో పట్టుకుని చూడండి. వదులుగా ఉన్నప్పుడు చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఎక్కడైనా సందు కనిపించినా, వంకర ఉన్నా, తుప్పు మచ్చ ఉన్నా వద్దు. కొక్కెం తగిలించి తీసి చూడండి, పడుకున్న చోటు నుంచి లేచి వంగి మార్చుకోవడం ఎంత తేలికగా ఉందో. ఒక గంటలో పది పన్నెండుసార్లు మారుస్తారు, ప్రతిసారీ పెనుగులాట అయితే మార్చడమే మానేస్తారు.

5. క్యారేజ్ పరీక్ష

యంత్రం కంటి ముందు ఉంటే ఈ పరీక్ష చేయకుండా కొనకండి. దూరం నుంచి తెప్పించుకుంటుంటే, వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులో కనుక్కుని, వచ్చిన రోజే చేయండి.

స్ప్రింగులన్నీ తీసేయండి. ఈ స్థితిలో యంత్రం ఎక్కకూడదు, క్యారేజ్‌ని ఆపేది ఏదీ ఉండదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్క వేలితో క్యారేజ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకు నెట్టండి. చెవి దగ్గర పెట్టి వినండి. ఒకే తీరు మెత్తటి సుయ్‌మనే శబ్దం వస్తే సరే. టక్ టక్ మని లెక్కగా వినిపిస్తుంటే చక్రం మీద గాటు ఉంది. ఎప్పుడూ ఒకే చోట గరగరమంటే పట్టా మీద మచ్చ ఉంది.

తర్వాత షోల్డర్ బ్లాకులు పట్టుకుని క్యారేజ్‌ని అడ్డంగా అటూ ఇటూ ఊపండి. రవ్వంత కదలిక ఉంటే ఫరవాలేదు. లొడలొడమంటే పక్క చక్రాలు సరిగా బిగించలేదు, లేదా అరిగిపోయాయి.

ఇప్పుడు అన్నిటికన్నా తేలిక స్ప్రింగు ఒక్కటే తగిలించి పడుకోండి. కాళ్లతో నెట్టి, మొదట్లో చెప్పినట్టు ఎనిమిది అంకెల్లో వెనక్కి రండి. బరువు స్ప్రింగులతో ఎంత మొరటు యంత్రమైనా వెనక్కి వచ్చేస్తుంది, చక్రాల లోపాల్ని ఆ లాగుడు కప్పేస్తుంది. తేలిక స్ప్రింగుతో మిమ్మల్ని పూర్తిగా మొదటి స్థానం దాకా తెచ్చి, చివరి అంగుళంలో ఆగిపోకుండా ఆనించిందంటే ఆ చక్రాలు మంచివి. మూడుసార్లు చేయండి. మూడోసారి కళ్లు మూసుకుని చేయండి, ఒంటి కింద ఏ చిన్న అదురున్నా వీపుకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత బరువు స్ప్రింగులు మూడు తగిలించి గట్టిగా నెట్టండి. యంత్రం మొత్తం నేల మీద జరుగుతోందా? చట్రం కిర్రుమంటోందా? ఫుట్‌బార్ ఊగుతోందా? ఊగితే వదిలేయండి, బోల్టు బిగిస్తే సరిపోతుందని ఎవరన్నా సరే.

6. మిగతా భాగాలు

ఫుట్‌బార్ రెండు మూడు ఎత్తుల్లో నిలవాలి, పూర్తిగా కిందికి దించడం రావాలి. తల ఆనించే మెత్త, అంటే హెడ్‌రెస్ట్, మూడు స్థానాల్లో నిలిస్తే మంచిది, కనీసం చదునుగా పడుకోవాలి. ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. కాళ్లు పట్టీల్లో పెట్టి నడుమెత్తి భుజాల మీదికి చుట్టుకునే వ్యాయామాల్లో హెడ్‌రెస్ట్ పైకి ఉంటే మెడ మీద భారం పడుతుంది. అలాంటివి మొదలుపెట్టే ముందు దాన్ని దించేయడం చేతికి అలవాటు కావాలి.

షోల్డర్ బ్లాకులు భుజాల్ని ఆపాలి గానీ మెడను నొక్కకూడదు. వెడల్పు మార్చుకునే వీలుంటే ఇంట్లో అందరికీ సరిపోతాయి. పట్టీల తాళ్లు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడటానికి సులువైన గుర్తు: క్యారేజ్ మొదటి స్థానంలో ఉన్నప్పుడు పట్టీల కొసలు షోల్డర్ బ్లాకుల దగ్గరకు రావాలి, రెండూ ఒక్క చోటికే. పొడవు మార్చుకునే బిగింపు తప్పనిసరి. కప్పీలు తిరుగుతున్నప్పుడు కీచుమనకూడదు.

7. వాడిన యంత్రం దొరికితే

నా మటుకు నేను, తేలికపాటి కొత్త యంత్రం కన్నా స్టూడియోలో నాలుగైదేళ్లు పనిచేసిన గట్టి యంత్రాన్నే ఇష్టపడతాను. చట్రమూ పట్టాలూ ఎన్నేళ్లయినా ఉంటాయి. అరిగేవి స్ప్రింగులు, తాళ్లు, చక్రాలు, పరుపు తొడుగు. అడగాల్సినవి కొన్నే: స్ప్రింగులు ఆఖరుసారి ఎప్పుడు మార్చారు, మోడల్ పేరేమిటి, దానికి విడిభాగాలు ఇంకా వస్తున్నాయా. జవాబు సరిగా తెలియకపోతే స్ప్రింగులూ తాళ్లూ కొత్తవి వేయించే ఖర్చు కలుపుకుని లెక్క వేసుకోండి. స్ప్రింగు మీద నమ్మకం లేకుండా ఆ యంత్రం ఎక్కకండి. సాగదీసి ఉన్నప్పుడు తెగితే గాయం చిన్నది కాదు.

విడిభాగాలు దొరకని మోడలైతే ఎంత తక్కువకొచ్చినా వద్దు.

8. సామాను: ఏది ముందు, ఏది తర్వాత

యంత్రంతో పాటు పది వస్తువులు ఉచితం అని ఉంటే ఆ పదిటిలో మీరు వాడేవి మూడుంటాయి. నేనైతే ఇలా కొంటాను.

మొదటి రోజు నుంచే కావలసింది అరికాళ్లలో పట్టు చుక్కలున్న సాక్సులు. చెమట పట్టిన పాదం ఫుట్‌బార్ మీద జారుతుంది. దాంతోపాటు కాళ్ల కోసం మెత్తటి గుడ్డ లూపులు ఒక జత. ఉతుక్కోవడానికి వీలైనవే తీసుకోండి. మోకాళ్ల కింద పెట్టుకోవడానికి చిన్న మెత్త ఒకటి.

తర్వాత బాక్స్. దీని మీద కూర్చుని వెనక్కి వాలతారు, బోర్లా పడుకుని చేతులతో తాళ్లు లాగుతారు. రిఫార్మర్ వ్యాయామాల్లో పెద్ద భాగం దీంతోనే. యంత్రం కొన్న రెండు మూడు నెలలకు కొంటే చాలు. కానీ ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీ క్యారేజ్ మీద సరిగా కూర్చోకపోవచ్చు, షోల్డర్ బ్లాకుల మధ్య కొలత వేరుగా ఉంటుంది. మీ మోడల్‌కి చేసిందే కొనండి. బాక్స్ మీద కూర్చుని వెనక్కి వాలేటప్పుడు పాదాలు పట్టి ఉంచే పట్టీ యంత్రానికి ఉందో లేదో కూడా చూడండి, అది లేకపోతే బాక్స్ సగం పనే చేస్తుంది.

మ్యాజిక్ సర్కిల్ అనే రింగు చేతికి ఇట్టే అమరుతుంది, తొడల మధ్యా అరచేతుల మధ్యా నొక్కడానికి. 35 నుంచి 38 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మెత్తలు లోపలా బయటా రెండు వైపులా ఉన్నదే కొనండి, ఒకవైపే ఉంటే కాళ్లు లోపలి నుంచి బయటకు నెట్టేటప్పుడు చర్మం ఒరుసుకుపోతుంది. నొక్కి వదిలినప్పుడు మళ్లీ గుండ్రంగా రావాలి. చిన్న మెత్తటి బంతి, 20 నుంచి 25 సెంటీమీటర్లది, రింగు కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది. దానిలో పూర్తిగా గాలి నింపకండి. కొంచెం వెలితిగా ఉంచి నడుము కింద పెట్టుకుంటే కటి ఎటు వాలుతోందో ఆ బంతే చెబుతుంది. ఫోమ్ రోలర్ కొంటే 90 సెంటీమీటర్లది కొనండి, తల నుంచి తోక ఎముక దాకా వెన్నంతా దాని మీద పట్టాలి. పొట్టివి కండరాలు రుద్దుకోవడానికే.

చాప విషయంలో ఒక్క మాట: యోగా చాప పల్చన, నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు. పిలాటిస్‌లో వెన్ను మీద దొర్లుతారు కాబట్టి 10 నుంచి 15 మిల్లీమీటర్లది కావాలి.

జంప్‌బోర్డ్ అంటే ఫుట్‌బార్ తీసేసి ఆ చోట నిలబెట్టే పలక. పడుకునే గెంతుతారు. సరదాగా ఉంటుంది, గుండెకు మంచి పని. కానీ మీ కింద అంతస్తులో ఎవరైనా ఉంటే ముందు వాళ్లకు ఎంత వినిపిస్తుందో చూసుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు శిక్షకుల ముందు ప్రయత్నించాకే కొనండి. దీన్ని కూడా మీ మోడల్‌కి చేసిందే తీసుకోవాలి.

టవర్ అమర్చుకునే వీలున్న యంత్రాలుంటాయి, పై నుంచి స్ప్రింగులు వేలాడే నిలువు చట్రం అది. దాన్ని ముందే కొనొద్దు. కింది నుంచి స్ప్రింగు తగిలించిన కమ్మీ చేయి జారితే నేరుగా ముఖం మీదికి వస్తుంది, భద్రతా పట్టీ బిగించడం ఒకరి దగ్గర నేర్చుకోకుండా దాని జోలికి వెళ్లకండి. భవిష్యత్తులో అమర్చుకోగలిగే మోడల్ అయితే చాలు.

9. వచ్చాక

బిగించేటప్పుడు ఇద్దరుండండి. బోల్టులన్నీ ముందు వదులుగా పెట్టి, నాలుగు కాళ్లూ నేలకు ఆనాయని చూసుకుని, అప్పుడు బిగించండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త యంత్రంలో మొదటివారం బోల్టులు కాస్త వదులవుతాయి.

వారానికోసారి పట్టాల్ని తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. క్యారేజ్ జరుపుతూ గుడ్డను చక్రాలకు ఆనించి పట్టుకుంటే వాటి మురికీ వస్తుంది. వెంట్రుకలు! పొడవు జుట్టున్న ఇంట్లో చక్రాల ఇరుసుకు వెంట్రుకలు దారంలా చుట్టుకుంటాయి, క్యారేజ్ అదరడానికి సగం కారణం అవే. చిన్న పట్టకారు పెట్టి లాగేయండి. పట్టాలకు మామూలు నూనె పూయకండి, దుమ్మంతా దానికి అంటుకుని గట్టిపడుతుంది.

నెలకోసారి స్ప్రింగుల చుట్లు, కొక్కేలు, తాళ్లు కప్పీల మీద ఒరుసుకునే చోట్లు వేలితో తడిమి చూడండి. స్ప్రింగుల్ని రెండేళ్లకోసారి మార్చమని పెద్ద తయారీదారులు చెబుతారు. ఇంట్లో తక్కువ వాడుతున్నాం కదా అని పూర్తిగా మరచిపోకండి, తేమ ఉన్న చోట వాడకపోయినా తుప్పు పడుతుంది. కొన్న తేదీని చట్రం అడుగున ఒక చీటీ మీద రాసి అతికించండి.

మొదటి రెండు వారాలు కొత్త వ్యాయామాలేవీ వద్దు. తరగతుల్లో నేర్చుకున్న పాదాల పని, పట్టీల్లో కాళ్ల వృత్తాలు, పడుకుని చేతుల పని మాత్రం చేయండి. ఎక్కే ముందు కనీసం ఒక స్ప్రింగు తగిలించి ఉందని కంటితో చూసి, చేత్తో లాగి చూడండి. స్ప్రింగు తీసేటప్పుడు కొక్కేన్ని చివరిదాకా పట్టుకుని కిందపెట్టండి, మధ్యలో వదలకండి. దిగేటప్పుడు క్యారేజ్ పూర్తిగా మొదటి స్థానానికి వచ్చాకే కాలు నేలకు పెట్టండి. దిగాక బరువు స్ప్రింగులు రెండు తగిలించే ఉంచండి. చిన్నపిల్లలు వచ్చి క్యారేజ్‌ని నెట్టినా కదలదు, వాళ్ల వేళ్లు చక్రాల కింద పడవు.